రెక్క మీద సగం పేరు

"ముట్టుకోకు" అన్నారు మామయ్య. అందుకని కోడలు ముట్టుకోవడం లేదు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా బల్ల ముందు కూర్చుని చూస్తోంది. దీపం కింద జానెడు పొడవున్న బొమ్మ విమానం, దాని ఎడమ రెక్క మీద మూడు నల్లటి అక్షరాలు. ఇప్పుడే, ఇంకా నిమిషం కూడా కాలేదు, అచ్చు గుద్దినట్టు తిన్నగా, నున్నగా, ముచ్చటగా కూర్చున్న అక్షరాలు. ఆయన చెప్పినట్టే చిన్న సీసాలోంచి కుంచెతో ఒక చుక్క మందు తీసి వాటిమీద పూసింది. పూసిన మరుక్షణం, ఆమె కళ్ళముందే, ఎక్కువసేపు నీళ్ళలో నానిన వేలికొసల్లా అవి ముడుచుకుపోయాయి. "మామయ్యా, పాడైపోయింది" అంది. "ముడతలు పడిందా?" అని అడిగారాయన, పక్క కుర్చీలోంచి, మొహం కొంచెం పైకెత్తి. "పడింది." "ఏ మాత్రం?" "ఏ మాత్రమేంటి మామయ్యా, ముసలావిడ మొహంలా ఉంది." "మెల్లిగా, మీ అత్తయ్య వింటుంది" అని ఆయన నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వి, "పడాలి. పడితేనే అది మెత్తబడినట్టు. ఇక ముట్టుకోకు. ఒక గంట అలా వదిలెయ్. ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులు" అన్నారు.

ఊపిరి పక్కకి తిప్పి వదులుతోంది. పక్కన గోడ ఉంది, గోడకి అరలున్నాయి, అరల నిండా ఆయన ఇన్నేళ్ళుగా చేసిన విమానాలు, ఒక్కొక్కటీ తన గాజుపెట్టెలో తను, ముక్కులన్నీ కిటికీ వైపే తిప్పుకుని. పెళ్ళయిన కొత్తలో ఈ గదికి రావాలంటే ఆమెకి పరీక్ష హాల్లోకి వచ్చినట్టుండేది. తుమ్ము వస్తే వసారాలోకి పరిగెత్తాలి, చీరకొంగు బల్లకి తగలకూడదు, ఫ్యాను వెయ్యకూడదు. ఇంత మనిషి, మీసాలున్న మనిషి, ఆరోజుల్లో ఉద్యోగం కూడా ఉన్న మనిషి, సెలవు రోజంతా తలుపేసుకుని ఆడుకునే ఆట ఏమిటా అని నోరు నొక్కుకునేది. నోరు నొక్కుకోవడమే కానీ ఒక్కసారి కూడా దగ్గరగా వంగి చూడలేదు. అదీ విచిత్రం. ఇన్నేళ్ళు ఈ అరల దుమ్ము దులిపింది తనే, గాజు తుడిచింది తనే, లోపల ఏముందో మాత్రం ఇవాళే, భూతద్దం కింద ఈ ఒక్క విమానాన్ని చూశాకే తెలుస్తోంది. లోపల సీట్లున్నాయి. సీట్లకి బెల్టులున్నాయి. ఆ బెల్టులకి, దారప్పోగులో సగం కూడా లేని ఆ బెల్టులకి, వెండిరంగు బకిల్స్ ఉన్నాయి. పైకప్పు అతికించేశాక అవి ఎవరికి కనిపిస్తాయి, ఎవరికీ కనిపించవు, కిటికీలోంచి దీపం ఒక వాలులో పడితే తప్ప. మరి ఎందుకు పెట్టారు మామయ్యా అని పొద్దున అడిగితే, "బెల్టు లేకుండా ఎగరనిస్తామా?" అన్నారు, నీకామాత్రం తెలీదా అన్నట్టు.

పొద్దున. పొద్దున ఏం జరిగింది, ఏమీ జరగలేదు, అందరూ టీ తాగుతున్నారు, ఆమెకి ఇవాళ ఆసుపత్రి డ్యూటీ లేదు, భర్త పనికి వెళ్ళిపోయాడు, అత్తయ్య ఎప్పటిలాగే మామయ్య చేతికి కప్పు అందించి వేళ్ళు కప్పు పిడి చుట్టూ సర్దుతోంది. అప్పుడు ఆయన, రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడని ఆయన, కప్పులోకి చూస్తున్నట్టే కూర్చుని, "దోమా, నీకివాళ సెలవు కదూ?" అన్నారు. అవును మామయ్యా అంటే, "అయితే నీ చేతులు ఒక పూట నాకు ఇవ్వగలవా?" అన్నారు. అంతే. అత్తయ్య చేతిలో టీ వడపోత అలాగే ఆగిపోయింది. ఆ గది తలుపు తీసి ఎన్ని నెలలైందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ లెక్క పైకి చెప్పరు. ఆమె సరేనని లేచింది కానీ, నిజం చెప్పాలంటే, మొదటిసారి పసిబిడ్డ చేతికి సూది పట్టుకున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

దోమ అంటే ఆమే. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. పెళ్ళిచూపులప్పుడు ఏం చేస్తుంటావమ్మా అని ఈయన అడిగితే ఆ మాటే చెప్పింది, వెంటనే ఈయన, "అంటే దోమవన్నమాట" అన్నారు. అక్కడున్నవాళ్ళందరూ కొయ్యబారిపోయారు, ఆమెకి మాత్రం ఆపుకోలేనంత నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైందని భర్త ఇప్పటికీ అంటాడు. రక్తం తీసేవాళ్ళలో రెండు రకాలు. అస్సలు నొప్పుండదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అని చెప్పి పొడిచేవాళ్ళు ఒక రకం. ఆమె ఆ రకం కాదు. నొప్పి ఉంటుంది, రెండు అంకెలు లెక్కపెట్టే లోపల అయిపోతుంది, చెయ్యి లాక్కోకు, అని చెప్తుంది, చంటిపిల్లలకి కూడా ఆ మాటే చెప్తుంది, వాళ్ళకి అర్థం కాకపోయినా. మామయ్య చేతికి కూడా చాలాసార్లు తనే తీసింది. ఆయన ప్రతిసారీ మొహం అటు తిప్పుకునేవారు. విమానాశ్రయం టవర్‌లో కూర్చుని రేడియోలో దారి చెప్పి విమానాలు దింపిన మనిషి, సూది చూడలేరు.

చూడలేరు. ఆ మాట ఎక్కడ పడితే అక్కడ నోట్లోకి వచ్చేస్తుంది, వచ్చాక నాలుక కరుచుకోవడం. టీవీ చూశారా, పేపరు చూస్తారా, చూద్దాం లెండి. నీటికాసులు, అంటే గ్లాకోమా, అన్నాడు కంటి డాక్టరు. చీకటి పక్కల నుంచి మొదలై లోపలికి వస్తుందట, అది చీకటని తెలియకుండానే, ఎందుకంటే మనసు ఖాళీలన్నీ తనే పూరించుకుంటుందట. ఈయన ఎప్పటినుంచి దాచారో ఎవరికీ తెలీదు. ఒకరోజు టీ కప్పుని బల్ల మీద పెట్టబోయి బల్ల పక్కన గాల్లో పెట్టారు. కప్పు ముక్కలైంది. అత్తయ్య ముక్కలు ఏరుతుంటే, "ఇవాళ కాదులే, ఎప్పట్నుంచో" అన్నారు, అదేదో చిల్లర విషయంలా. ఆ తర్వాత చూపులో మిగిలిన కాస్త కిటికీ కూడా మూసుకుపోయింది. ముందుగదిలో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఆయన. రేడియో వద్దన్నారు. కొడుకు, అంటే ఆమె భర్త, తెచ్చిన చదివి వినిపించే యంత్రం వద్దన్నారు. పలకరిస్తే ఊఁ, అడిగితే ఏమో. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఊరెళ్ళిపోయినట్టు ఉండేది. కొడుకు రోజూ సాయంత్రం వచ్చి భుజం మీద చెయ్యేసి, "మీకేం నాన్నా, భేషుగ్గా ఉన్నారు" అనేవాడు, ఆయన తలూపేవారు.

రెక్క వంక చూసింది. ముడతలు అలాగే ఉన్నాయి. అలాగేనా? నడిమి అక్షరం కొంచెం... లేదు, దీపం అలా పడింది. మందు వాసన పుల్లగా, ఊరగాయ సీసా మూత తీసినట్టు గది నిండా ఉంది. ఒక్కసారి వేలితో అలా నిమిరితే సర్దుకుంటుందేమో అని చెయ్యి లేవబోతోంది, చేతికి అలవాటు అది, ఏదన్నా వంకరగా కనిపిస్తే సర్దడం. దిండు గలీబు, భర్త కాలరు, పేషెంటు చేతికున్న ప్లాస్టరు. ముట్టుకోకుండా బాగు చేసే పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. "చెయ్యి కదిలింది" అన్నారు మామయ్య. కుర్చీ కిర్రుమన్నదేమో, లేకపోతే గాజులు. "లేదు మామయ్యా" అనబోయి, "కదిలింది, వెనక్కి తీసుకున్నాను" అంది. "ఊఁ. అందుకే నిన్ను పిలిచాను" అన్నారు.

అందుకే. ఎందుకు? చేతులు కుదురుగా ఉంటాయని అనుకుంది పొద్దున. కాదని తెలిసింది బల్ల ముందు కూర్చున్న కాసేపటికి, దీపం వేసి విమానాన్ని వెలుగులోకి తిప్పగానే. తెల్లటి ఒళ్ళు. ముక్కు దగ్గర మొదలై, కిటికీల కింద నుంచి, నడుం పొడుగునా తోక దాకా ఒక బంగారురంగు గీత. ఆయన చూపు ఇంకా కొంత మిగిలి ఉండగా వేసిన గీత. ముక్కు నుంచి నాలుగో కిటికీ దాకా అది స్కేలు పెట్టి గీసినట్టుంది, కాదు, స్కేలుకి కూడా అంత చేతకాదు. ఐదో కిటికీ కింద చిన్న ఒణుకు. ఆ తర్వాత గీత మెల్లిగా కిందికి, గోరు మందం కూడా కాదు, వెంట్రుక మందం, ఇంకో వెంట్రుక, తోక దగ్గరికి వచ్చేసరికి తన దారి తనదన్నట్టు పోయింది. ఆమె భూతద్దం అక్కడే పట్టుకుని ఉండిపోయింది. ఒక మనిషి కళ్ళు ఏ అంగుళం దగ్గర ఆగిపోయాయో అంత స్పష్టంగా ఎవరైనా చూసి ఉంటారా, ఏ డాక్టరు కాగితంలోనైనా అంత స్పష్టంగా ఉంటుందా. అక్కడి నుంచి కూడా ఆయన ఆపలేదు, గీస్తూనే వెళ్ళారు, కనపడని దాని మీద, ఉందనుకున్న చోట, తోక చివర దాకా. వెనకనుంచి ఆయన అడిగారు. "గీత వంకరగా ఉందా? అబ్బాయిని అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాడు. నువ్వు చెప్పు." నొప్పి ఉంటుంది, రెండు అంకెలు లెక్కపెట్టే లోపల అయిపోతుంది. "ఉంది మామయ్యా." "ఎక్కడ్నుంచి?" "ఐదో కిటికీ దగ్గర్నుంచి." ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత, "ఐదా? నేను మూడనుకున్నాను" అన్నారు, నమ్మండి, సంతోషంగా. రెండు కిటికీలు కలిసొచ్చాయన్నట్టు. తుడిచి మళ్ళీ వెయ్యనా అంటే, "వద్దు. ఉండనీ. అది అక్కడే ఉండాలి" అన్నారు.

అక్షరాల కాగితం ఒకటే ఉంది. బల్ల సొరుగులో, పాత పుస్తకం అట్టల మధ్య. విమానం పేరు, అంటే తోక మీదా రెక్కల మీదా రాసి ఉండే అక్షరాలు, పెట్టెలో వచ్చినవి కావట, ఈయన ప్రత్యేకంగా ఒక ముద్రణ దుకాణంలో వేయించుకున్నారట, ఉల్లిపొర కంటే పల్చగా ఉండాలని వాడి వెంటపడి. ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఎడమ రెక్క మీద మూడక్షరాలు, కుడి రెక్క మీద రెండు, ఒక రెక్క చూస్తే సగం పేరే తెలుస్తుంది. డెకాల్ అంటారు దాన్ని, ఆమె ఇవాళే నేర్చుకున్న మాట, నీళ్ళలో వేస్తే కాగితం నుంచి విడిపోయి జారే అచ్చు. విడిపోవడం ఎలా తెలుస్తుంది అని అడిగితే, నీకు అది చెప్తుందిలే అన్నారు. ముందు పనికిరాని ఒక ముక్కతో అలవాటు చేయించారు. తర్వాత అసలుది. కత్తిరించి, పట్టకారుతో పట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, తడి గుడ్డ మీద పెట్టి, ఎదురుచూసి, కుంచెతో అలా తోసింది. కదిలింది. కాగితం మీద ఇందాకటి దాకా రాయిలా అంటుకుని ఉన్న అక్షరాలు, కాగితంతో తమకేం పని లేనట్టు, నీటి పొర మీద జారాయి. ఒంటి మీద రోమాలన్నీ లేచి నిలబడ్డాయి. ఆ సంబరంలోనే చెయ్యి తొందరపడింది. రెక్క మీదికి జారుస్తుంటే ఒక కొస వెనక్కి మడత పడి తన మీద తనే అతుక్కుంది.

అప్పుడు ఆయన గొంతు మారింది. ఆమె "అయ్యో" అన్నదే, ఇంకేం చెప్పలేదు. "చెయ్యి ఎత్తు. ఎత్తావా? ఏ కొస మడత పడింది?" "ఎడమది." "లాగకు. కుంచెతో నీళ్ళు తీసుకో. మడత మీద కాదు, మడత కింద పొయ్యి. ఇంకో చుక్క. ఇంకోటి. ఇప్పుడు ఆగు. తేలుతోందా?" తేలుతోంది. "దానంతట అదే విప్పుకుంటుంది. నువ్వు ఉన్నావని దానికి తెలియనివ్వకు." ఆ గొంతులో కంగారు లేదు, ధైర్యం చెప్పడం కూడా లేదు, ఏమీ కాదమ్మా అని కూడా లేదు, ఇటు, ఇంత, ఆగు, ఇప్పుడు, అంతే. ఆమె కళ్ళు నీటి చుక్క మీద ఉన్నాయి. చుక్కలో ఆ పల్చటి కొస, నిద్రలో పసిపిల్ల పిడికిలి విప్పినట్టు, ఎవరూ విప్పకుండా, మెల్లిగా, పూర్తిగా, విప్పుకుంది. విప్పుకున్నాక కూడా ఆమె ఊపిరి తియ్యలేదు. ఈ గొంతు నాకు తెలుసు, అనుకుంది. తెలియదు, ఎప్పుడూ వినలేదు, ఇంట్లో ఎవరూ విని ఉండరు. ఇది ఇంట్లో వాడే గొంతు కాదు. ఇది టవర్‌లో వాడిన గొంతు.

ఆ కథ ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్య చెప్పింది, ఎప్పుడో వంటింట్లో, చేతులు తుడుచుకుంటూ. చిన్న విమానాశ్రయం, టవర్‌లో ఆ సాయంత్రం ఈయన ఒక్కరే. మంచు తొందరగా దిగింది, చెట్లు పోయాయి, రన్‌వే పోయింది, ఆఖరికి టవర్ కింద నిలబెట్టిన సైకిళ్ళు కూడా పోయాయి. అప్పుడు రేడియోలో ఒక చిన్న విమానం పలికింది, దారి తప్పాను, కింద ఏమీ కనపడటం లేదు, ఇంధనం ఎక్కువ లేదు అని. ఆ విమానం పేరే ఈ అక్షరాలు. మనిషి పేరు తెలీదు, మొహం తెలీదు, ఐదు అక్షరాలు. ఈయన టవర్ అద్దాల కిటికీ తీసి, సగం ఒళ్ళు బయటికి పెట్టి, చెవితో వెతికారట. ఇంజన్ చప్పుడు ఎటునుంచి వస్తోంది, దగ్గరవుతోందా, దూరమవుతోందా. ఇప్పుడు నా నెత్తిమీద ఉన్నావు. ఎడమకి తిరుగు. ఇంకా. చాలు. దిగు. ఇంకొంచెం దిగు. అలా ఎంతసేపో. చివరికి చక్రాలు కీచుమన్న చప్పుడు. రేడియోలో ఆ గొంతు, "నేల మీద ఉన్నాను. ఎక్కడున్నానో తెలీదు" అంది. ఈయనకీ తెలీదు. మంచులో ఆ విమానం ఈయనకి కనపడలేదు, ఈయన అందులోని మనిషికి కనపడలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేశారు. మర్నాడు వెళ్ళేసరికి మంచు విడిచింది, విమానం ఎగిరిపోయింది. ఇంధనం నింపిన కుర్రాడిని అడిగితే, "తెల్లగా ఉందండీ, నడుముకి బంగారు గీత" అన్నాడు. ఈయన చూసింది అంత మాత్రమే, అంటే ఏమీ చూడలేదు.

"మామయ్యా, ఆ రోజు మీకు భయం వెయ్యలేదా?" అంది, తను అడుగుతున్నానని తనకే తెలియకుండా. ఏ రోజని ఆయన అడగలేదు. "భయపడ్డానికి తీరికుండాలి కదా" అన్నారు. గుమ్మం దగ్గర్నుంచి, "ఆ తీరిక ఇంటికొచ్చాక దొరికింది" అంది అత్తయ్య. ఎప్పుడొచ్చి నిలబడిందో. ఇందాక తువ్వాలు కోసమని ఒకసారి వచ్చింది, టీ కప్పుల కోసమని ఇంకోసారి వచ్చింది, ఈ గదిలో కప్పులేం లేవు. "నీళ్ళడిగారు. ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయారు. చేతులు ఒకటే వణుకు. నేనే పట్టుకుని తాగించాను." "ఆ మాట ఇప్పుడు అవసరమా?" అన్నారు మామయ్య. "ఎందుకు అవసరం కాదు? ఎవరినో దింపారని ఊరంతా చెప్పుకున్నారు. మిమ్మల్ని దింపింది ఎవరు?" అంది అత్తయ్య. అని, లోపలికి రాకుండానే, గడప దాటకుండానే, బల్ల మీది విమానం వంక చూసింది. "దిగిందా అది?" "ఇంకా లేదు అత్తయ్యా, ముడతలు పడి ఉంది." "పడితే పడనీ. నాకు పడలేదూ" అని వెళ్ళిపోయింది. వినే ఉంటుంది ముసలావిడ మాట. కోడలికి చెవులు వేడెక్కాయి. మామయ్య నవ్వు ఆపుకోవడం పక్కనుంచి తెలుస్తోంది, కుర్చీ కదులుతోంది.

అంటే ఆయన చూడని విమానాన్ని చేశారు. అరలన్నింటిలో ఉన్నవి ఆయన చూసినవి, దింపినవి, ఎగరేసినవి, ఫొటోలున్నవి. ఇది ఒక్కటే చెవితో చూసినది. దాన్ని చివరికి ఎందుకు మిగుల్చుకున్నారో, కళ్ళు పోతున్న తొందరలో ఎందుకు మొదలుపెట్టారో ఆమె అడగదు, అడిగితే ఊఁ అంటారు. అక్షరాల కాగితం మీద ఇంకా ఏవో మిగిలి ఉన్నాయి, నలుసుల్లా, మసి చుక్కల్లా. ఊరికే భూతద్దం తిప్పింది. చుక్కలు కావు. మాటలు. ఆవగింజంత చోటులో, పూర్తి మాటలు. "మామయ్యా, ఇక్కడ కాలు పెట్టరాదు అని ఉంది!" "రెక్క మీద అతికించేది. మెత్తటి చోటు అది, మెకానిక్కు తొక్కితే నొక్కుకుపోతుంది." "ఈ రెక్క మీద ఎవరు కాలు పెడతారు?" "చీమ పెట్టొచ్చు" అన్నారాయన, చాలా మర్యాదగా. నవ్వబోయింది, నవ్వు రాలేదు, అంతకంటే పెద్దదేదో వచ్చింది. ఆ ముద్రణ దుకాణంలో ఎవరో ఒక మనిషి కూర్చుని, ఈ జానెడు విమానం రెక్క మెత్తగా ఉంటుందని, దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదని, ఇంత చిన్నగా, కళ్ళకి ఆననంత చిన్నగా అచ్చు వేశాడు. దాన్ని ఇంకో మనిషి జాగ్రత్తగా దాచుకున్నాడు. లోకంలో ఇంత శ్రద్ధ ఉందని ఆమెకి తెలియదు. తను రోజూ తీసే రక్తం కూడా అంతే కదా, ఒక చుక్కని గాజు మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే లక్షల గుండ్రాలు, ఒక్కొక్కటీ అంచు తేలి, ఒక్కటి కూడా తొందరలో చేసినట్టుండదు. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత తర్వాత అలవాటైపోయింది, అలవాటైపోయినందుకు ఇప్పుడు ఒక్కసారి సిగ్గేసింది.

తల తిప్పింది. ఏదో మారింది. ఏం మారిందో వెంటనే అందలేదు. దీపం అదే, రెక్క అదే. ముడతలు... చివరి అక్షరం మీద లేవు. మిగతా రెండింటి మీద ఉన్నాయి, ఉన్నాయా, అదిగో, చూస్తుండగా, చూస్తుంటే కదలనట్టే ఉండి, కన్ను ఆర్పితే ఒక గీత తక్కువగా, ఎవరో లోపలి నుంచి మెల్లిగా పీల్చుకుంటున్నట్టు, ఆ పొర కిందికి దిగుతోంది. రెక్క మీద సూదిమొనంత రివెట్లు వరసగా ఉన్నాయి, రేకులు కలిసే చోట సన్నటి గాట్లున్నాయి. అక్షరం నలుపు ఆ గాట్లలోకి దిగింది, రివెట్ల మీద ఎక్కి దిగింది. అంటించినట్టు లేదు. రంగు వేసినట్టు కూడా లేదు. రెక్క పుట్టినప్పుడే ఆ పేరుతో పుట్టినట్టుంది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలీదు, పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచినట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనేం చెయ్యలేదు, అనుకుంది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను, అంతే, అది తనే సర్దుకుంది.

"వాసన తగ్గింది. ఆరిందా?" అన్నారు మామయ్య.

"ఆరింది మామయ్యా."

"చెయ్యి పట్టుకో."

ఆయన కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, చూపుడువేలిని రెక్క చివరికి ఆనించి వదిలేసింది. చేతిని ఎన్నోసార్లు పట్టుకుంది, సూది కోసం, నరం కోసం. ఇంత తేలిగ్గా ఉంటుందని ఎప్పుడూ తోచలేదు. వేలు కదిలింది. "ఇది చివర" అన్నారాయన. "రెక్క దీపం గాజు. ఇది అతుకు. ఇవి రివెట్లు, ఒకటి నేను చెడగొట్టాను, ఆఁ, ఇదే." వేలు లోపలికి వస్తోంది. మొదటి అక్షరం మీదికి వచ్చింది. ఆమె పెదవి కరుచుకుంది. వేలు ఆగలేదు. రెండో అక్షరం నలుపు గోటి కింద మాయమై ఇటువైపు తేలింది. మూడోది. వేలు రెక్క మొదలు దాకా వచ్చి, విమానం ఒంటికి తగిలి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది, ఈసారి నిదానంగా, ఒత్తీ ఒత్తనట్టు. మళ్ళీ వచ్చింది.

"ఏదీ?" అన్నారు.

ఆమె వంగి ఆయన వేలి వంకే చూసింది.

"అంటించలేదా? ఊడొచ్చిందా? పర్లేదు, నిజం చెప్పు." మొహం రంగు మారింది ఆయనకి. ఏమన్నా విని తట్టుకోవడానికి సిద్ధపడ్డ మొహం అది.

"మీ వేలు దాని మీదే ఉంది మామయ్యా."

వేలు కదలడం మానేసింది.

"ఎక్కడ?"

"నడిమి అక్షరం మీద."

ఆయన వేలు ఎత్తారు. గాల్లో కొంచెంసేపు ఉంచి, నీళ్ళు కాగాయో లేదో చూసినట్టు, మళ్ళీ అదే చోట దించారు. ఎడమకి. కుడికి. గోటితో కాదు, గోరు పక్కకి ఒంచి, వేలి మెత్తటి భాగంతో. రివెట్టు తగులుతోంది, గాటు తగులుతోంది, వాటి మీద ఇంత నల్లగా, ఇంత నిండుగా ఉన్నది మాత్రం తగలడం లేదు. ఆమె చూస్తోంది, ఆయన వెతుకుతున్నారు, అది ఇద్దరి మధ్యా ఉంది. అత్తయ్య మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఈసారి ఏ వంకా చెప్పలేదు.

"నాకెప్పుడూ అక్షరాల అంచు తగిలేది" అన్నారు మామయ్య. చాలా మెల్లిగా, అరల వైపు మొహం తిప్పి, ఆ గాజుపెట్టెలన్నిటికీ చెప్పినట్టు. "అన్నిటికీ తగిలేది. కళ్ళున్నప్పుడు కూడా. ఎంత చేసినా, ఎక్కడో ఒకచోట."

వేలు తియ్యలేదు. కాసేపటికి రెండో చేత్తో తడుముకుంటూ నీళ్ళ గిన్నె ఎక్కడుందో వెతికి పట్టుకున్నారు, ఆ చేతి చూపుడువేలు ముంచి చూసి, చల్లారిపోయిందని మొహం చిట్లించి, గిన్నెని గుమ్మం వైపు చాచారు.

"కొంచెం వెచ్చటి నీళ్ళు పొయ్యి" అన్నారు అత్తయ్యతో. తర్వాత ఆమె వైపు తిరిగి, "కూర్చో అమ్మాయ్. కుడి రెక్కది కత్తిరించు."